ఆరు నెలలకొక పరీక్ష: హిందీ ప్రచార సభ పాఠక్రమంపై సమీక్ష

1918లో గాంధీజీ చొరవతో మద్రాసులో ఆరంభమై, 1964లో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తింపు పొందిన దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలను మన ఇళ్లలో చాలామంది బడిపిల్లల వ్యవహారంగానే చూస్తారు. ఉద్యోగంలో చేరాక ఈ పరీక్షలు రాసిన నాకు మాత్రం, పెద్దవాళ్లకే వీటి అవసరం ఎక్కువని అనిపించింది. పిల్లలను చదివించడానికి ఇంట్లో ఎవరో ఒకరుంటారు. పెద్దవాళ్లను పుస్తకం ముందు కూర్చోబెట్టేవారెవరూ ఉండరు.

ప్రాథమికతో మొదలై మధ్యమ, రాష్ట్రభాష, ప్రవేశిక మీదుగా విశారద, ప్రవీణ దాకా సాగే ఈ క్రమంలో చివరి రెండింటికీ పూర్వార్ధం, ఉత్తరార్ధం అని రెండేసి భాగాలున్నాయి. పరీక్షలు సాధారణంగా ఫిబ్రవరిలో, ఆగస్టులో జరుగుతాయి కనుక, ఎప్పుడు మొదలుపెట్టినా కొద్ది నెలల దూరంలోనే ఒక తేదీ కనిపిస్తూ ఉంటుంది. హిందీ రావాలన్న కోరికకు గడువు లేదు. ఆగస్టులో రాయవలసిన మధ్యమకు ఉంది. ఆఫీసు పనుల వల్ల కొన్నాళ్లు చదువు ఆగినా, కట్టేసిన ఫీజు, దగ్గరపడుతున్న తేదీ మళ్లీ పుస్తకం తెరిపిస్తాయి. ఒకవేళ తప్పినా మరో ఆరు నెలల్లో అదే పరీక్ష తిరిగి రాసుకోవచ్చు. అప్పటిదాకా నేర్చుకున్నది ఎక్కడికీ పోదు.

ఈ ఏర్పాటుకు ప్రాణం పోసేది ప్రచారకులే. ఊరూరా సాయంత్రం వేళ తమ ఇంట్లోనో, అద్దెగదిలోనో పాఠాలు చెప్పే వీరి దగ్గర చేరితే, రానివారి గురించి అడిగే మనిషి ఒకరుంటారు, పక్కన కూర్చుని అదే పాఠం చదివేవారుంటారు. సొంతంగా చదువుకుని రాయాలనుకునేవారికి కూడా నా సలహా ఇదే: దగ్గరలోని ప్రచారకుణ్ణి వెతుక్కోండి. తెలుగువారికి హిందీలో అసలు కష్టం లింగభేదమూ, భూతకాలంలో కర్తకు చేరే ‘నే’ ప్రత్యయమూ. కుర్చీకి, బల్లకు కూడా లింగం ఉండే భాషలో, తప్పు చేసిన క్షణంలోనే సరిదిద్దేవారు లేకపోతే ఉత్సాహం చల్లారడానికి ఎంతో కాలం పట్టదు.

లోపమూ లేకపోలేదు. పరీక్షల బరువంతా ప్రధానంగా రాతమీదే ఉండడం వల్ల, బజారులో దొరికే గైడ్లు బట్టీపట్టి గట్టెక్కడం సాధ్యమే. అలా గట్టెక్కినవారు రైల్లో ఎదుటి సీటులోని మనిషితో నాలుగు మాటలు మాట్లాడడానికి తడబడతారు. అందుచేత రోజూ ఆకాశవాణి హిందీ వార్తలు వినడం, పాఠాన్ని పైకి చదవడం ఎవరికి వారు అలవాటు చేసుకోవాలి.

విశారద నుంచి పాఠాలు సాహిత్యం వైపు, పాతకాలపు పద్యాల వైపు మళ్లుతాయి. వాటిపై ఆసక్తి ఉన్నవారు తప్పక ప్రవీణ దాకా వెళ్లాలి. వ్యవహారానికి సరిపడా భాష కావలసినవారు రాష్ట్రభాష పూర్తిచేసి, ఆ పైన చదువుకు పెట్టే సమయాన్ని సంభాషణకు కేటాయించుకోవడం మేలు.