ఘోస్ట్ బైక్ పెట్టే వాలంటీర్ల గురించి: పని బాగుంది, బోర్డు మార్చాలి

సైకిల్ తొక్కేవాళ్లు వాహనం గుద్ది చనిపోయిన చోట, తెల్లరంగు పూసిన సైకిల్‌ని స్తంభానికి గొలుసుతో కట్టి ఉంచుతారు. దాన్నే ఘోస్ట్ బైక్ అంటారు. 2003లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో మొదలైన ఈ పద్ధతి చాలా దేశాలకి పాకింది. మాతో పాటు తొక్కే ఒకతను పోయాక మేమూ ఈ పని చేసే వాలంటీర్లని పిలిచాం.

అయిదుకి నాలుగు ఇస్తాను. తుక్కులో పడున్న సైకిల్ తెచ్చి ముందు బ్రేకులు, కేబుళ్లు, పెడళ్లు ఊడదీశారు, తొక్కడానికి పనికొచ్చేలా ఉంటే ఎవరో ఒకరు ఎత్తుకుపోతారు కదా. తర్వాత టైర్లు, సీటు, చువ్వల సందులు కూడా వదలకుండా రంగు కొట్టారు. బోర్డు మీద పేరు వెయ్యాలా వద్దా అన్నది ఇంట్లోవాళ్లనే అడిగి, వాళ్లు తేల్చుకునేదాకా ఆగారు. నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

ఒక మార్కు తగ్గించింది ఆ బోర్డుకే. అరచేయంత రేకు, దాని మీద సన్నటి అక్షరాలు. 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకి దాదాపు 17 మీటర్లు దాటేస్తుంది, ఇంక డ్రైవరు చదివేదెప్పుడు? నడిచి వెళ్లేవాళ్లు ఆగి చదివి అయ్యో పాపం అంటున్నారు, సంతోషమే, కానీ చదవాల్సింది స్టీరింగ్ పట్టుకున్నవాళ్లు. తెల్ల సైకిల్ చూస్తే ఇక్కడ ఎవరో పోయారని తెలుస్తుంది, డ్రైవరుకి తను ఏం చెయ్యాలో మాత్రం తెలియదు. ‘సైకిల్‌కి 1.5 మీటర్లు వదలండి’ అని పెద్దక్షరాల్లో ఒక్క ముక్క రాస్తే చాలు.

వీళ్లు డ్రైవర్లకి పంచే కరపత్రం మాత్రం చాలా పనికొస్తుంది. అందులో డచ్ రీచ్ గురించి బొమ్మ వేసి చూపించారు. కారు తలుపుని దాని పక్కనున్న చేత్తో కాకుండా అవతలి చేత్తో తియ్యాలి, అప్పుడు ఒళ్లు దానంతటదే తిరుగుతుంది, వెనక వచ్చే సైకిల్ కంట్లో పడుతుంది. బ్రిటన్ 2022లో దీన్ని తన రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్‌లోనే చేర్చింది.

పెట్టించుకోవాలనుకునేవాళ్లకి ఇంకో మాట. రోడ్డు శాఖ అనుమతి ముందే తీసుకోండి, లేదంటే పీకి పారేస్తారన్న టెన్షన్ ఉంటుంది. వానలకి గొలుసు రాసుకునే చోట రంగు లేచి తుప్పు పడుతుంది, ఎండిన దండలు అలాగే వేలాడుతుంటాయి. అవి తీసి, మళ్లీ రంగు వేసే బాధ్యత ఎవరిదో కూడా అప్పుడే మాట్లాడుకోండి. మేం బోర్డు మార్చమని అడిగాం, ఒప్పుకున్నారు.