ఓస్లో ఒపేరా హౌస్ టికెట్లు కొనేవారికి హెచ్చరిక: దళారీ సైట్లతో జాగ్రత్త

నార్వే రాజధాని ఓస్లోలోని జాతీయ ఒపేరా, బ్యాలే భవనంలో ప్రదర్శన చూడాలనుకునే తెలుగువారు, ముఖ్యంగా ఇండియా నుంచి వచ్చే పెద్దవాళ్ల కోసం ముందుగానే టికెట్లు తీసి ఉంచేవారు, నెట్‌లో వెతకగానే అన్నిటికంటే పైన ప్రకటనగా కనిపించే టికెట్ సైట్లలో కొనవద్దని మనవి. గుంటూరు నుంచి వచ్చిన మా అత్తమామల కోసం మా బావగారు డిసెంబరులో ఒక బ్యాలేకు అటువంటి సైటులోనే టికెట్లు తీసుకున్నారు. చిరునామాలో ఒపేరా పేరు, మొదటి పేజీలో ఆ తెల్లటి భవనం ఫోటో ఉండటంతో అది ఆ సంస్థ సొంత సైటు కాదని ఎవరికీ అనుమానం రాదు.

టికెట్లు చేతికి వచ్చాక చూస్తే, వాటిపై ముద్రించిన ధర మా దగ్గర వసూలు చేసినదానిలో సగం కూడా లేదు. చివరి పేజీలో సేవా రుసుము, బుకింగ్ రుసుము విడివిడిగా కలిపారు. పక్కనే గడియారం పెట్టి, సమయం అయిపోతోందని తొందరపెట్టారు. డబ్బు సంగతి అలా ఉంచినా, అసలు బాధ సీట్ల విషయంలోనే. 'బాల్కనీ, చక్కటి వీక్షణ' అని అమ్మినవి పై అంతస్తులో వేదికకు బాగా పక్కగా ఉన్న సీట్లు. దాదాపు 1,360 సీట్లున్న ఆ ప్రధాన మందిరం గుర్రపునాడా ఆకారంలో ఉంటుంది కనుక, పక్క బాల్కనీల చివర కూర్చున్నవారికి వేదికలో కొంత భాగం కనిపించదు. ఒపేరా అయితే కనీసం పాట వినిపిస్తుంది, సంభాషణల అనువాదాన్ని ముందు సీటు వెనుక ఉండే చిన్న తెరపై ఇంగ్లీషులో చదువుకోవచ్చు. బ్యాలేలో నర్తకులు కనిపించని వైపుకు వెళ్లిపోతే ఇక చూడటానికి ఏమీ మిగలదు. మా అత్తగారు ముందుకు వంగితే పక్కవారికి అడ్డం, వంగకపోతే ఆవిడకు సగం వేదికే.

మరొక విషయం మరీ అన్యాయం. బిల్లులో మనిషికి ఇంత చొప్పున 'పైకప్పు ప్రవేశం' అని కూడా వేశారు. స్నోహెట్టా సంస్థ రూపకల్పన చేసి, 2008 ఏప్రిల్‌లో ప్రారంభమైన ఈ భవనం ప్రత్యేకతే అది: ఫ్యోర్డ్ (భూమిలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) నీటి అంచు నుంచి వాలుగా పైకి లేచే పాలరాతి కప్పు మీద ఎవరైనా, టికెట్ లేకుండానే, నడిచి వెళ్లవచ్చు. ఓక్ చెక్క గోడ ఉన్న లోపలి హాలులోకి వెళ్లి కూర్చోవడానికీ రుసుము లేదు. (చలికాలంలో ఆ రాయి బాగా జారుతుంది, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను పైకి ఎక్కించకపోవడమే మంచిది.) తెర వెనుక భాగాలు చూపించే గైడెడ్ టూరుకు మాత్రం రుసుము ఉంది, దాని టికెట్లూ ఒపేరా సంస్థే అమ్ముతుంది.

సాంస్కృతిక, క్రీడా కార్యక్రమాల టికెట్లను అసలు ధర కంటే ఎక్కువకు తిరిగి అమ్మడాన్ని నిషేధిస్తూ నార్వేలో 2007లోనే చట్టం వచ్చింది. అయితే ఈ సైటు నడిపేవారు వేరే దేశంలో ఉన్నారు. ఫిర్యాదు చేస్తే, తాము అమ్మకందారులం కాదని, మధ్యవర్తులమేనని జవాబిచ్చారు. ఒపేరా టికెట్ కౌంటరులో మర్యాదగానే మాట్లాడారు గానీ, తమ దగ్గర కొనని టికెట్లకు డబ్బు తిరిగి ఇవ్వలేమన్నారు. అందులో వారి తప్పేమీ లేదు.

ఇటువంటి సైటును గుర్తుపట్టడానికి ఒక సులువైన ఆనవాలు ఉంది. నార్వేలో చెల్లేది యూరో కాదు, క్రోనర్. ఓస్లో ప్రదర్శనకు ధర యూరోలలో కనిపిస్తే అక్కడే ఆగి చూసుకోవాలి. సీటు వరుస, సంఖ్య చూపించకుండా 'బాల్కనీ' అని మాత్రమే చెప్పి డబ్బు కట్టమంటే ఇక ముందుకు వెళ్లవద్దు. ఇప్పటికే కొన్నవారు ఉంటే, ఆ సైటులోని సీటు వివరణకు స్క్రీన్‌షాట్, చెల్లింపు రసీదు, అసలు ధర ముద్రించి ఉన్న టికెట్ మూడూ జతచేసి, కార్డు ఇచ్చిన బ్యాంకులో ఛార్జ్‌బ్యాక్ (కట్టిన డబ్బును బ్యాంకు ద్వారా వెనక్కి రాబట్టుకోవడం) కోరండి. మాకు పైకప్పు పేరుతో తీసుకున్న మొత్తం తిరిగి వచ్చింది. టికెట్ల ధరలో తేడా సంగతి బ్యాంకు ఇంకా తేల్చలేదు.