క్యాబిన్ డిజైనులో వర్యో ఎక్స్‌ఆర్-3 హెడ్‌సెట్: మూడేళ్ల వాడకం తరువాత

హైదరాబాదులో, బాలానగర్ పారిశ్రామికవాడకు దగ్గరగా ఉన్న ఒక చిన్న కార్యాలయంలో మేము క్రేన్లకూ ఎక్స్‌కవేటర్లకూ ఆపరేటర్ క్యాబిన్లు డిజైన్ చేస్తాం. సీటు ఎంత ఎత్తులో ఉండాలి, లీవరు చేతికి అందుతుందా, మీటరు కింది అక్షరాలు కూర్చున్న చోటి నుంచి చదవగలమా, బకెట్టు అంచు అద్దంలోంచి కనబడుతుందా అన్నవి మాకు రోజూ ఎదురయ్యే ప్రశ్నలు. ప్లైవుడ్ నమూనా కట్టకముందే వీటికి జవాబులు తెలిస్తే డబ్బూ కాలమూ మిగులుతాయన్న ఆలోచనతో, కళ్లకు తొడుక్కుంటే కంప్యూటరులో గీసిన మోడల్ మన చుట్టూ నిజంగా ఉన్నట్టు చూపించే హెడ్‌సెట్‌ను, ఫిన్లాండ్‌లోని వర్యో సంస్థ తయారుచేసిన ఎక్స్‌ఆర్-3ను, 2021 చివర్లో తెప్పించుకున్నాం. ఫిన్నిష్ భాషలో వర్యో అంటే నీడ. సుమారు మూడేళ్ల పాటు వారానికి నాలుగైదు రోజులు వాడిన అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను.

దీనికి ముందు మా దగ్గర ఒక్కో కంటికి 1440 × 1600 పిక్సెళ్లు చూపే మరో హెడ్‌సెట్ ఉండేది. అందులో క్యాబిన్ మొత్తంగా బాగానే కనబడేది కాని, అక్షరాలు అలుక్కుపోయేవి. దానివల్ల జరిగిన నష్టం మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మీటరు చదవమని అడిగినప్పుడు ఆపరేటరు సీటులోంచి ముందుకు వంగి, ముఖాన్ని ప్యానెల్‌కు దగ్గరగా తీసుకువెళ్లి చదివేవాడు. మేమేమో మెడ ఎంత వంగిందో, నడుము ఎంత కదిలిందో కొలిచి, ప్యానెల్ దూరంగా ఉందని తేల్చి, దాన్ని దగ్గరకు జరిపేవాళ్లం. ప్లైవుడ్ నమూనా కట్టాక చూస్తే అదే ప్యానెల్ మోకాళ్లకు తగిలేది. ఆపరేటరు వంగడానికి కారణం ప్యానెల్ దూరం కాదు, పిక్సెళ్ల కొరత.

లెక్క వేసి చూస్తే ఇందులో వింతేమీ లేదు. మూడు మిల్లీమీటర్ల ఎత్తున్న అక్షరాన్ని 70 సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తే అది కంటి దగ్గర చేసే కోణం పావు డిగ్రీకి కాస్త తక్కువ. డిగ్రీకి సుమారు 15 పిక్సెళ్లు ఇచ్చే హెడ్‌సెట్‌లో ఆ అక్షరం ఎత్తుకు నాలుగు పిక్సెళ్లయినా దక్కవు. అన్ని తక్కువ చుక్కలతో ఇంగ్లిషు బి అక్షరానికీ ఎనిమిది అంకెకూ తేడా చూపించడం ఎవరి తరమూ కాదు. సాధారణమైన చూపు డిగ్రీలో అరవయ్యో వంతు వివరాన్ని పట్టుకోగలదని కంటి పరీక్ష పట్టికల ప్రమాణం. ఎక్స్‌ఆర్-3 మధ్యభాగంలో డిగ్రీకి 70 పిక్సెళ్లు ఉంటాయి కనుక అదే అక్షరానికి పదిహేడు పిక్సెళ్లు దక్కుతాయి. మొదటి రోజు సీటులో వెనక్కి ఆనుకుని కూర్చుని, హైడ్రాలిక్ పీడనం మీటరు మీది గీతలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టగలిగినప్పుడే పెట్టిన ఖర్చుకు అర్థం కనబడింది.

అయితే ఆ వారంలోనే మా మోడళ్ల బండారం బయటపడింది. పాత హెడ్‌సెట్ మసకలో ఎవరి కంటా పడని తప్పులన్నీ వరసగా తేలాయి. హెచ్చరిక స్టిక్కర్లు ఫోనుతో తీసిన ఫోటోల నుంచి అతికించినవి కావడంతో వాటి అంచులు పళ్లు పళ్లుగా కనిపించాయి. ఒక మీటరు మీద బార్‌లలో (పీడనాన్ని కొలిచే ప్రమాణం) ఉండాల్సిన అంకెలు వేరే ప్రమాణంలో ఉన్నాయి. తరువాత మారుద్దామని తాత్కాలికంగా పెట్టిన అక్షరాలు రెండేళ్లుగా అలాగే ఉండిపోయాయి. వాటిని సరిచేయడానికి ఇద్దరు మనుషులకు దాదాపు రెండు నెలలు పట్టింది. ఇలాంటి హెడ్‌సెట్ కొనేవారు దాని ధరతో పాటు ఈ పని ఖర్చును కూడా లెక్కలో వేసుకోవాలి. ఏ అమ్మకందారూ తన ధరల పట్టికలో ఈ పద్దు రాయడు.

70 పిక్సెళ్ల స్పష్టత చూపు పరిధి అంతటా ఉండదన్న సంగతి తెలిసి వాడితేనే ఈ పరికరం మేలు చేస్తుంది. ఒక్కో కంటికి రెండు తెరలు ఉంటాయి. నడుమ 27 డిగ్రీల వెడల్పూ అంతే ఎత్తూ ఉన్న భాగాన్ని 1920 × 1920 పిక్సెళ్ల తెర చూపిస్తుంది. మొత్తం 115 డిగ్రీల పరిధిలో మిగిలిన భాగాన్ని 2880 × 2720 పిక్సెళ్ల మరో తెర, డిగ్రీకి 30కి పైగా పిక్సెళ్లతో నింపుతుంది. 70 సెంటీమీటర్ల దూరంలో 27 డిగ్రీలంటే సుమారు 34 సెంటీమీటర్లు, అంటే జానెడున్నర. కంటి కదలికలను సెకనుకు 200 సార్లు గమనించే ఏర్పాటు ఉన్నా, ఆ స్పష్టమైన చతురస్రం మాత్రం కంటితో పాటు కదలదు, తలతో పాటే కదులుతుంది. అందువల్ల పక్క అద్దాన్ని కంటికొసతో చూసి సరిపెట్టుకునే ఆపరేటరు కూడా ఇక్కడ తల తిప్పుతాడు. ఈ విషయం తెలిశాక, తల ఎన్నిసార్లు తిరిగిందన్న కొలతను మా నివేదికల నుంచి పూర్తిగా తొలగించాం. రెండు తెరలు కలిసే అంచు మాత్రం, వెతికితే కనిపిస్తుందే తప్ప పనిలో పడ్డాక గుర్తుకు రాదు.

బయటి దృశ్యాన్ని రెండు 12 మెగాపిక్సెళ్ల కెమెరాల ద్వారా లోపల చూపడం దీనిలోని రెండో గుణం, నా లెక్కలో మొదటిది కూడా. వోల్వో కార్ల సంస్థ ఈ శ్రేణిలోని తొలి హెడ్‌సెట్ ఎక్స్‌ఆర్-1ను ధరించి నిజమైన కారు నడుపుతూ పరీక్షలు చేసిందని 2019లో చదివినప్పుడు అతిశయోక్తి అనుకున్నాను. ఇప్పుడు మేము అసలు సీటునూ, అసలు లీవర్లనూ పెట్టి, క్యాబిన్ గోడలను మాత్రం బొమ్మగా చూపుతున్నాం. ఆపరేటరుకు తన చేతులు తనకు కనిపిస్తాయి, చేతికి తగిలేది నిజమైన ఇనుము. లేజరు కాంతితో లోతు కొలిచే లైడార్ సాయంతోనే చేతులను వెనకటి దృశ్యం నుంచి విడదీయవచ్చు కాని, అంచులు శుభ్రంగా రావాలంటే ఆకుపచ్చ గుడ్డ కట్టి ఆ రంగును తొలగించే పద్ధతి మాకు బాగా కుదిరింది. ఒకసారి ఒక ఆపరేటరు పనిచోటు నుంచి నేరుగా వచ్చి, ఆకుపచ్చ భద్రతా జాకెట్టుతోనే సీటులో కూర్చున్నాడు. తన మొండెం మాయమై రెండు చేతులు మాత్రమే గాలిలో తేలుతుంటే చూసుకుని, "సార్, నేనెక్కడికి పోయాను?" అని అడిగాడు. అప్పటి నుంచి గది తలుపు దగ్గర రెండు బూడిదరంగు చొక్కాలు వేలాడుతూ ఉంటాయి.

గది విషయంలో మేము చేసిన తప్పులు ఇంకొకరు చేయకూడదని చెబుతున్నాను. తల కదలికను గుర్తించే బేస్ స్టేషన్లను మొదట కెమెరా స్టాండ్ల మీద, సీలింగ్ ఫ్యాను కింద పెట్టాం. గాలికి స్టాండు అతి సన్నగా వణికినా క్యాబిన్ మొత్తం ఊగినట్టు కనిపించేది, చూసేవారికి కడుపులో తిప్పేది. వాటిని గోడకు బిగించి, గదిలో ఉన్న స్టీలు బీరువాను బయటపెట్టి, కిటికీ అద్దాలకు తెరలు వేశాక ఆ బాధ తీరింది. లెన్సుల మీద ఎండ పడితే తెరలు దెబ్బతింటాయి కనుక హెడ్‌సెట్‌ను మూత లేకుండా బల్ల మీద పెట్టకూడదన్న నియమం కూడా రాసి అతికించాం.

రెండు కళ్లకూ కలిపి రెండు కోట్ల ముప్ఫై లక్షల పిక్సెళ్లను సెకనుకు 90 సార్లు మార్చాలి కాబట్టి మామూలు కంప్యూటరు చాలదు. మేము ఆర్‌టీఎక్స్ 3090 గ్రాఫిక్స్ కార్డు వాడుతున్నాం. అప్పట్లో ఆ కార్డులకు ఉన్న కరువు వల్ల హెడ్‌సెట్ వచ్చాక కూడా కార్డు కోసం కొన్ని వారాలు ఎదురుచూశాం. విడుదల నాటి ధర 5,495 యూరోలు, దాని మీద ఏటా 1,495 యూరోల సాఫ్ట్‌వేర్ చందా. పన్నులూ రవాణా వీటికి అదనం. తలపట్టీతో కలిపి బరువు 980 గ్రాములు, అంటే కిలోకు ఇరవై గ్రాములు తక్కువ. పట్టీ బాగా అమరుతుంది కాబట్టి ముఖం మీద భారం పడదు కాని, మెడకు ఆ బరువు తెలియకుండా ఉండదు. మా దగ్గర ఒక్కో విడత 25 నిమిషాలు, ఆ తరువాత పావుగంట విరామం.

ఇప్పుడు కొత్తగా కొనేవారు 2023 నవంబరులో ప్రకటించిన ఎక్స్‌ఆర్-4 వైపు చూడడం సహజం. అందులో ఒక్కో కంటికి 3840 × 3744 పిక్సెళ్ల ఒకే తెర, డిగ్రీకి 51 పిక్సెళ్లు, ప్రకటించిన నాటి ప్రారంభ ధర 3,990 డాలర్లు. చతురస్రం అంచు గొడవ ఉండదు, నట్టనడుమ స్పష్టత మాత్రం కొంత తగ్గుతుంది. మా మూడు మిల్లీమీటర్ల అక్షరానికి దాదాపు పన్నెండున్నర పిక్సెళ్లు దక్కుతాయి కనుక మా పనికి అది చాలు. భవనాలు చూపించడానికో, ఫ్యాక్టరీ లేఅవుట్ మీద చర్చించడానికో అయితే ఈ ధరలో అయిదో వంతుకు దొరికే హెడ్‌సెట్ సరిపోతుంది. మనిషి ఒక వస్తువును చదవగలడా లేడా అన్న నిర్ణయం తీసుకోవలసి వచ్చినప్పుడే ఈ స్థాయి అవసరం.

ఆ నిర్ణయంలోనే, ఎన్ని పిక్సెళ్లు పెరిగినా తీరని చిక్కు ఒకటి ఉంది. యాభై దాటిన ఒక సీనియర్ క్రేన్ ఆపరేటరు హెడ్‌సెట్‌లో ప్రతి అక్షరాన్నీ తడుముకోకుండా చదివాడు. ప్లైవుడ్ నమూనాలో అదే ప్యానెల్ ముందు కూర్చుని జేబులోంచి కళ్లజోడు తీశాడు. మాకు ముందు అంతుపట్టలేదు. ఇలాంటి హెడ్‌సెట్ల లెన్సులు బొమ్మలోని వస్తువు ఎంత దగ్గరగా ఉన్నా, దాని వెలుగును మాత్రం చేయి చాచితే అందని ఒకే దూరం నుంచి వచ్చినట్టుగా కంటికి అందిస్తాయి. చత్వారం వచ్చిన కన్నుకు దగ్గరి వస్తువు మీద దృష్టి నిలపాల్సిన శ్రమ హెడ్‌సెట్‌లో లేనే లేదు. మా ఆపరేటర్లలో సగం మంది నలభై అయిదు దాటినవారే. అందుకే హెడ్‌సెట్‌లో నెగ్గిన ప్రతి ప్యానెల్‌నూ ఇప్పుడు అసలు కొలతలో కాగితం మీద ముద్రించి, ప్లైవుడ్‌కు అతికించి, ఎదురుగా ఒక పెద్దవయసు ఆపరేటరును కళ్లజోడు లేకుండా కూర్చోబెడుతున్నాం. గత నెల పూర్తయిన క్రేన్ క్యాబిన్‌లో ఇంధనం మీటరు కింది అక్షరాలు మూడు మిల్లీమీటర్ల నుంచి నాలుగున్నరకు పెరిగింది ఆ కాగితం వల్లే.