రక్త పారుడుకి ఆంప్రోలియం 20 శాతం పొడి: పెరటి కోళ్లకు ఎంతవరకు పనికొస్తుంది?

పశువుల మందుల షాపుకెళ్లి "కోడిపిల్లలకు రక్తం పడుతోంది" అంటే చాలాచోట్ల చేతిలో పెట్టేది ఈ పొడినే. నీళ్లలో కరుగుతుంది, అందులో 20 శాతం ఆంప్రోలియం ఉంటుంది. పేరు ఏ కంపెనీదైనా లోపలి మందు ఒకటే, కాబట్టి ఇక్కడ చెప్పేది ఏ ఒక్క బ్రాండు గురించీ కాదు. నాటు పిల్లలైనా, వనరాజా, గ్రామప్రియ లాంటి రకాలైనా, మొదటి రక్తపు రెట్ట కనబడ్డ రోజే పట్టిస్తే పెరటి కోళ్లకు ఇంతకన్నా భద్రమైన మందు చెప్పడం కష్టం. రెండు మూడు రోజులు చూద్దాంలే అనుకుంటే మాత్రం దీని మీద ఆశ పెట్టుకోకూడదు.

ఆ తేడా ఎందుకో తెలియాలంటే మందు పని తీరు తెలియాలి. రక్త పారుడు అంటే కాక్సీడియోసిస్. ఐమీరియా అనే కంటికి కనబడని పరాన్నజీవి పేగు గోడలో పెరిగి దాన్ని చీల్చుకుని బయటికి వస్తుంది. దానికి బి1 విటమిన్ కావాలి. ఆంప్రోలియం బి1లాగే ఉంటుంది కాబట్టి ఆ జీవి మోసపోయి దీన్ని తీసుకుంటుంది, అసలు విటమిన్ అందక ఆగిపోతుంది. అయితే మందు బాగా తగిలేది తొలి దశలో, అంటే రెట్టతో నేల మీద పడ్డ ఐమీరియా గుడ్డును పిల్ల మింగిన మూడో రోజు ప్రాంతంలో. రెట్టలో రక్తం కనబడేది ఐదో ఆరో రోజున. రక్తం కారుతున్న పిల్ల పేగు అప్పటికే చీలిపోయి ఉంటుంది, దాన్ని ఈ పొడి అతికించలేదు. ఇది కాపాడేది పక్కనే తిరుగుతున్న, ఇంకా హుషారుగా కనబడే పిల్లల్ని. అందుకే జబ్బుపడ్డ ఒక్కదానికే పట్టించి మిగతావాటికి మామూలు నీళ్లు పెట్టడం పెద్ద పొరపాటు. గుంపు మొత్తానికి ఒకే రోజు మొదలుపెట్టాలి.

కొలత దగ్గరే ఈ ఉత్పత్తికి మార్కులు తగ్గుతాయి. ప్యాకెట్ మీద లెక్కలు ఫారాల కోసం రాసినవి, పాతిక లీటర్లకు ఇన్ని గ్రాములని. పెరట్లో పదిహేను పిల్లలకు రోజుకు కావలసింది లీటరు నీళ్లే. 20 శాతం పొడికి లెక్క ఇలా వస్తుంది: జబ్బు తీవ్రంగా ఉంటే లీటరుకు 1.2 గ్రాములు, ఓ మోస్తరుగా ఉంటే 0.6 గ్రాములు, మూడు నుంచి ఐదు రోజులు. ఆ తర్వాత 0.3 గ్రాముల చొప్పున ఒకటి రెండు వారాలు. వంటింటి త్రాసు అర గ్రామును పట్టుకోలేదు, ఆరు గ్రాముల్ని పట్టుకుంటుంది. కాబట్టి ఆరు గ్రాములు తూచి, నున్నని కాగితం మీద పరిచి, పది సమాన కుప్పలు చేసి పొట్లాలు కట్టుకోండి. ఒక్కో పొట్లం 0.6 గ్రాములు. లీటరుకు ఒకటి, తీవ్రమైతే రెండు, చివరి వారాల్లో సగం. కాస్త అటూ ఇటూ అయినా ప్రమాదం లేదు. చెంచాతో కొలవడం మాత్రం వద్దు, ఒక కంపెనీ పొడి తేలిగ్గా ఉంటుంది, ఇంకోటి బరువుగా. ప్యాకెట్ మీద 20 కాకుండా వేరే శాతం ఉంటే ఈ లెక్క చెల్లదు.

కలిపిన నీళ్లు ఆ రోజుకే. సాయంత్రం మిగిలినవి పారబోసి పొద్దున్నే కొత్తవి కలపాలి. ఇక పెరటి కోళ్ల విషయంలో మందు విఫలం కావడానికి అన్నిటికన్నా మామూలు కారణం వేరే నీళ్లు. తొట్టి కింద కారిన నీళ్లు, గేదె కుడితి, అంట్లు తోమిన మడుగు, వాన గుంట, ఏదో ఒకటి దొరికితే కోడి మందు నీళ్ల వైపు చూడదు. ఆ ఐదు రోజులు గంప కిందో గూట్లోనో కట్టడి చేయక తప్పదు.

రెండో కారణం ప్రేమకొద్దీ చేసేది. పిల్లలు నీరసించాయని బి కాంప్లెక్స్ సిరప్ అదే నీళ్లలో కలుపుతారు. బి1 దండిగా అందితే పరాన్నజీవి మళ్లీ బతుకుతుంది, మందు వృథా. టానిక్కులు కోర్సు అయ్యాకే ఇవ్వాలి. తవుడులోనూ బి1 బాగా ఉంటుంది కాబట్టి అది తగ్గించి దాణా పెట్టడం మేలు. విటమిన్ ఎ, కె లతో ఇబ్బంది లేదు. దీనికి తిరగబడ్డ పొరపాటు కూడా ఉంది: మోతాదు పెంచి వారాల తరబడి పట్టిస్తే కోడికే బి1 లోపించి మెడ వెనక్కి విరుచుకుంటుంది. దాన్ని చూసి కొక్కెర తెగులు (రానిఖేత్) అనుకుని కంగారు పడతారు.

అసలు కొక్కెర తెగులుకే ఈ పొడి పట్టించేవాళ్లూ ఉన్నారు. ఆకుపచ్చ, తెలుపు రెట్ట, నోరు తెరిచి ఊపిరి, మెడ మెలితిరగడం ఉంటే అది వైరస్, ఆంప్రోలియంకు లొంగదు. రక్త పారుడు ఎక్కువగా వచ్చేది మూడు నుంచి ఆరు వారాల పిల్లలకు. ఈకలు ఉబ్బించుకుని మూల కూర్చుంటాయి, తలపైన ఎర్రదనం పోయి పాలిపోతుంది. ఒక మాట: రోజులో కొన్నిసార్లు కోడి వేసే జిగట గోధుమరంగు రెట్ట జబ్బు కాదు. అనుమానముంటే తాజా రెట్టను చిన్న డబ్బాలో పశువైద్యశాలకు తీసుకెళ్లండి, మైక్రోస్కోపు కింద తేలిపోతుంది. పెద్ద కోళ్లు ఉన్నట్టుండి వరసగా చనిపోతుంటే మాత్రం ఏ మందూ వెతక్కుండా పశుసంవర్ధక శాఖకు చెప్పాలి.

తాగలేని పిల్లను వెచ్చగా, వేరుగా ఉంచి అదే మందు నీళ్లు డ్రాపరుతో ముక్కు పక్క అంచున చుక్క చుక్కగా వదలాలి, అదే మింగుతుంది. గొంతులో పోస్తే నాలుక వెనకే ఉన్న గాలి గొట్టంలోకి పోయి చస్తుంది.

మూడు రోజులకీ కొత్త రక్తపు రెట్టలు ఆగకపోతే రెండు సంగతులు చూడాలి. ఒకటి, కింద పరిచిన ఊక. రెట్టలోని ఐమీరియా గుడ్లు తడికీ వేడికీ ఒకటి రెండు రోజుల్లో సిద్ధమై మళ్లీ నోట్లోకి పోతాయి. ఫినాయిలు, బ్లీచింగు వాటిని ఏమీ చేయవు. తడి ఊక ఎత్తేసి, నేల మీద సలసల కాగే నీళ్లు పోసి, ఎండలో ఆరబెట్టి పొడి ఊక పరచాలి. నీళ్ల తొట్టిని ఇటుక మీద పెడితే సగం తడి తగ్గుతుంది. రెండు, ఐమీరియాలో అన్ని రకాలకూ ఈ మందు సమానంగా పట్టదు. అప్పుడు డాక్టరు టోల్ట్రాజూరిల్ రాయవచ్చు. 2.5 శాతం ద్రావణం లీటరుకు 1 మిల్లీలీటరు, రెండు రోజులు. అది అన్ని దశల మీదా పనిచేస్తుంది, ఆలస్యమైన కేసుల్లో ఆంప్రోలియం కన్నా మెరుగు. కానీ తినే గుడ్లు పెట్టే పెట్టలకు వాడకూడదు.

గుడ్ల పెట్టల దగ్గర ఆంప్రోలియం విలువ తెలుస్తుంది. అమెరికాలో దీనికి గుడ్లు తినడం మానాల్సిన గడువే లేదు. మన దగ్గర ప్యాకెట్ మీద ఏ గడువు రాసి ఉంటే దాన్నే పాటించండి. షాపులో సల్ఫాక్వినాక్సలిన్ కలిపిన ఆంప్రోలియం కూడా ఇస్తుంటారు, అది ఇంకో మందు. సల్ఫా గుడ్లలోకి దిగుతుంది, మోతాదు మించితే అదే రక్తస్రావం తెస్తుంది. పెట్టలున్న ఇంటికి అది వద్దు, లేబులు చదివి ఒక్క ఆంప్రోలియమే ఉన్నది అడిగి తీసుకోండి. వానాకాలంలో తెరిచిన ప్యాకెట్ చెమ్మ పట్టి గడ్డ కడుతుంది, బిగుతు మూత డబ్బాలో పోసి పైన తేదీ, శాతం రాసి పెట్టుకోండి.