ఫుడ్ గ్రేడ్ సంచి అన్న మాట నమ్మి పాత డ్రమ్ములో రసం పోయకండి

పర్లాకిమిడి చుట్టుపక్కల ఇంట్లో నేరేడు వెనిగర్ పెట్టుకునేవారు డ్రమ్ము లోపల తొడిగే ప్లాస్టిక్ సంచి కొనే ముందు ఇది చదవవలసిందిగా కోరుతున్నాను.

ఈసారి కొండ ఊళ్ల నుంచి నేరేడు పళ్లు చవకగా రావడంతో ఆశపడి, ఒకేసారి 60 లీటర్ల రసం పులియబెట్టాలనుకున్నాను. అంతకు సరిపడే జాడీలు లేవు. ఉన్నదల్లా సెకండ్ హ్యాండ్‌లో కొన్న 100 లీటర్ల నీలి డ్రమ్ము. దానిలో మునుపు ఏముండేదో అమ్మినవాడికే తెలియదు. లోపల మంచి సంచి తొడిగితే ఆ దోషం పోతుందనుకుని, బజారులో ఒక దుకాణంలో 400 గేజ్ మందం ఉన్న ఫుడ్ గ్రేడ్ సంచి, అంటే ఆహారం నిలవ చేయడానికి పనికొచ్చేది, అడిగాను. “హోటలువాళ్లు పెరుగు కూడా ఇందులోనే పోస్తారు బాబూ” అన్నాడు దుకాణదారు. సంచి విప్పినప్పుడు కిరసనాయిలు లాంటి వాసన వచ్చినా, కడిగితే పోతుందిలే అని సరిపెట్టుకోవడం నా తప్పు.

నాలుగో రోజుకు అడుగు అతుకు విడిపోయింది. రసం సంచికీ డ్రమ్ముకూ మధ్య చేరి, డ్రమ్ము గోడల సబ్బు వాసనంతా పట్టుకుని, తిరిగి సంచిలోకి ఊరింది. మొత్తం పారబోశాను.

తరువాత సంచిని ఆరబెట్టి తూచాను. 400 గేజ్ అంటే సుమారు 100 మైక్రాన్లు. ఆ మందంలో చదరపు మీటరు పాలిథిన్ దాదాపు 92 గ్రాములు తూగుతుంది. నా సంచి 80 సెంటీమీటర్ల వెడల్పు, 125 సెంటీమీటర్ల పొడవు, అంటే రెండు వైపులా కలిపి రెండు చదరపు మీటర్లు కాబట్టి 184 గ్రాములు ఉండాలి. తూగింది 95. వంటింటి కాటాతో అయిదు నిమిషాల్లో తేలే ఈ సంగతి కొన్న రోజునే చూసుకోవలసింది.

మందం సరిపోయినా సంచి ఆహారానికి పనికొస్తుందని కాదు. ఆహారానికి తగిలే పాలిథిన్‌కు ఐఎస్ 10146 అనే భారతీయ ప్రమాణం ఉంది. పుల్లని పదార్థాలకు పనికొచ్చే ప్లాస్టిక్‌ను పరీక్షించేటప్పుడు 3 శాతం అసిటిక్ ఆమ్లంలో (వెనిగర్‌కు పులుపునిచ్చేది ఇదే) ఉంచి, ప్లాస్టిక్‌లోంచి దానిలోకి ఎంత దిగిందో చూస్తారు. మన వెనిగర్ అంతకంటే ఘాటైన ఆమ్లం, పైగా నెలల తరబడి అందులోనే నిలవ ఉంటుంది. ఇంకొకటి, అతుకు విడిపోకపోయినా పలచని పాలిథిన్ గుండా వాసనలూ కొన్ని రసాయనాలూ మెల్లగా దాటగలవు కనుక, రసాయనాలు నిలవ చేసిన డ్రమ్మును ఏ సంచీ శుద్ధి చేయలేదు.

తిరిగి వెళ్లి అడిగితే దుకాణదారు బిల్లు చూపమన్నాడు. అందులో “పాలిథిన్ కవర్ 1” అని మాత్రమే ఉంది. నోటితో చెప్పిన “ఫుడ్ గ్రేడ్” బిల్లు మీదికి రాలేదు కనుక తనకు సంబంధం లేదన్నాడు. “ఫుడ్ గ్రేడ్” అన్న మాటా, గేజూ బిల్లులో రాయించుకోకుండా డబ్బులివ్వకండి; రాయనంటే వేరే దుకాణం చూసుకోండి. సంచి కొన్నాక రాత్రంతా నీళ్లు నింపి అతుకు చూడండి. పులిసేటప్పుడు గాలి పోయే దారి లేకుండా మూతి బిగించి కట్టకండి, ఆ ఒత్తిడికి మంచి అతుకైనా నిలవదు.

ఆహారానికి పనికొస్తుందని తెలిపే గ్లాసూ ఫోర్కూ గుర్తున్న కొత్త డ్రమ్ము కొంటే అసలు సంచే అక్కరలేదు. నేను పళ్ల మీద పోగొట్టుకున్న డబ్బుకు అలాంటి డ్రమ్ము వచ్చేది. సంచి ముక్కనూ బిల్లునూ దాచిపెట్టి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. జవాబు ఇంకా రావలసి ఉంది.