బరంపురంలో ఆర్‌ఎక్స్-8 మిస్‌ఫైర్ పట్టుకున్న షెడ్డు: నాలుగు స్టార్లు

బరంపురం చుట్టుపక్కల, ఇటు ఇచ్ఛాపురం, సోంపేట దాకా, పాత పెట్రోల్ కారు ఐడిల్‌లో (బండి నిలబెట్టి ఇంజన్ ఆన్‌లో ఉంచినప్పుడు) వణుకుతోందని, మిస్‌ఫైర్ (లోపల పెట్రోల్ సరిగ్గా అంటుకోకపోవడం) కొడుతోందని తిరుగుతున్నవాళ్ల కోసం రాస్తున్నాను. గోపాల్‌పూర్ వెళ్లే రోడ్డులో లారీ షెడ్ల వరసలో ఒక పెద్దాయన ఉన్నారు, ఆటో ఎలక్ట్రీషియన్. పేరు, ఫోన్ నంబరు ఎక్కడా పెట్టొద్దన్నారు, ఉన్న బళ్లకే చేతులు చాలడం లేదట. ఆ వరసలో కార్ల కరెంటు పని ఎవరు చేస్తారని అడగండి, చూపిస్తారు. ప్లగ్గులు, కాయిల్స్, వైరింగు, సెన్సర్లు, వీటికైతే కళ్లు మూసుకుని బండి ఇచ్చేయొచ్చు. ఇంజన్ విప్పే పనికి మాత్రం వద్దు, ఆయన కూడా ఒప్పుకోరు.

నాది మాజ్డా ఆర్‌ఎక్స్-8, 2005 మోడల్. ఇంగ్లండ్‌లో ఉద్యోగం చేసి తిరిగొచ్చిన ఒకాయన వెంట తెచ్చుకున్న బండి, ఆయన దగ్గర కొన్నాను. బానెట్ మీద బ్యాడ్జి చూసి "స్వరాజ్ మాజ్డా వాళ్లు కార్లు కూడా చేశారా" అని అడగనివాడు ఈ ఊళ్లో లేడు. తెలియనివాళ్లకి రెండు ముక్కలు: ఇందులోది రోటరీ ఇంజన్, పిస్టన్లు, వాల్వులు ఉండవు. మూడు మూలల రోటర్లు రెండుంటాయి, ఒక్కోటి 654 సీసీ. ఒక్కో రోటర్‌కి రెండు ప్లగ్గులు, కిందది లీడింగ్, పైది ట్రెయిలింగ్, ప్లగ్గుకో కాయిల్ (స్పార్క్‌కి కావాల్సిన హై వోల్టేజి ఇచ్చేది) చొప్పున మొత్తం నాలుగు కాయిల్స్. మండించే పనిలో పెద్ద వాటా లీడింగ్‌దే. ట్రెయిలింగ్ పడుకున్నా ఐడిల్‌లో పెద్దగా తెలియదు, లీడింగ్ పడుకుంటే మాత్రం సీట్లో కూర్చున్న మనిషి పళ్లు కూడా కదులుతాయి.

నా బండిది అచ్చంగా అదే పరిస్థితి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే బాగానే ఉండేది, ఇంజన్ వేడెక్కాక సిగ్నల్ దగ్గర ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోందో చూపే) ముల్లు 600కి పడి, 900కి లేచి, మళ్లీ పడి, ఒక్కోసారి ఆగిపోయేది. 3000 లోపు యాక్సిలరేటర్ నొక్కితే దగ్గు. సైలెన్సర్ దగ్గర పచ్చి పెట్రోల్ వాసన. హైవే మీద ఓవర్‌టేక్‌కి వెళితే చెక్ ఇంజన్ లైటు కొట్టుకునేది. ఆ లైటు వెలిగి ఉండిపోవడం వేరు, కొట్టుకోవడం వేరు, కొట్టుకుంటే అప్పుడే యాక్సిలరేటర్ వదిలేయాలి. ఎందుకంటే మండని పెట్రోల్ అంతా పోయి క్యాటలిటిక్ కన్వర్టర్‌లో (సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే డబ్బా) మండుతుంది, అది ఎర్రగా కాలి, లోపల కరిగి మూసుకుపోతుంది, ఆ వేడి వెనక్కి ఇంజన్ సీల్స్ మీదికి వస్తుంది. రెండు వేల రూపాయల జబ్బు రెండు లక్షల జబ్బయ్యేది ఇలాగే. స్కానర్‌లో పి0300, పి0302 అనే తప్పుల కోడ్‌లు వచ్చాయి. మొదటిది ఫలానా రోటర్ అని తేలని మిస్‌ఫైర్, రెండోది వెనక రోటర్.

దీనికి ముందు ఒక పెద్ద ఊరి వర్క్‌షాపుకి ఇచ్చాను. వాళ్లు కొత్త ప్లగ్గులు వేసి, చల్లటి ఇంజన్ మీద చూసి, అంతా బాగుందని పంపేశారు. మళ్లీ తీసుకెళితే ఎపెక్స్ సీల్స్ (రోటర్ మూలల్లో ఉండే సీల్స్) పోయాయి, ఇంజన్ దించాలి, రీబిల్డ్ చేయాలి అన్నారు. కంప్రెషన్ (ఇంజన్ లోపల గాలి నొక్కుకునే ఒత్తిడి) చూశారా అంటే చూడలేదు. రోటరీ అనగానే సీల్స్ పోయాయనడం మనదేశంలో ఒక ఫ్యాషన్. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు, కానీ కొలవకుండా అంటే ఎలా?

పెద్దాయన జన్మలో రోటరీ చూడలేదు, ఆ ముక్క ముందే చెప్పేశారు. ఎడమవైపు ముందు చక్రం విప్పితే ప్లగ్గులు అందుతాయని నేను చెప్తే అలాగే విప్పి, నాలుగూ తీసి, తీసిన వరసలోనే ఒక గుడ్డ మీద పేర్చారు. జేబులోంచి భూతద్దం తీసి ఒక్కోదాని మీద నంబరు చదివారు. "ఏటి బాబూ, ముందు రోటర్‌కి కింద ఏడు, పైన తొమ్మిది ఉంది, వెనక దానికి తిరగేసుందేటి?" అన్నారు. నిజమే. ఎన్‌జీకే అనే ప్లగ్గుల కంపెనీలో లీడింగ్‌వి ఆర్ఈ7సీ-ఎల్, ట్రెయిలింగ్‌వి ఆర్ఈ9బీ-టీ. చివర ఎల్, టీ అక్షరాలు కూడా ఉంటాయి. ఆ కంపెనీ లెక్కలో అంకె పెరిగేకొద్దీ ప్లగ్గు చల్లగా పనిచేస్తుంది. తొమ్మిదోది లీడింగ్‌లో పెడితే ఐడిల్‌లో మసి కాలిపోయేంత వేడెక్కదు, నల్లగా తడిసి పడుకుంటుంది. ఏడోది ట్రెయిలింగ్‌లో పెడితే పై స్పీడుల్లో మరీ వేడెక్కే ప్రమాదం. వెనక లీడింగ్ రంధ్రంలోంచి వచ్చిన ప్లగ్గు కాటుకలా ఉంది. వేలితో తుడిస్తే పెట్రోల్ తడి.

వెనక రోటర్‌కి కొత్త జత తెప్పించి, ఎక్కడివి అక్కడ పెట్టాక సగం తగ్గింది. సగమే. వేడెక్కాక మళ్లీ మొదలు. ఇక్కడే ఈ షెడ్డుకి నేను డబ్బులు ఆనందంగా ఇచ్చింది. చాలామంది ఈపాటికి కాయిల్స్ మార్చేద్దాం అంటారు. ఈయన ఇంజన్ ఆన్‌లో పెట్టి, ఫ్యాన్ తిరిగి ఆగి మళ్లీ తిరిగేదాకా టీ తాగుతూ కూర్చున్నారు. అప్పుడు గ్యాప్ తిప్పి పెంచుకునే స్పార్క్ టెస్టర్ ఒక్కో కాయిల్‌కీ తగిలించారు. మూడింటికి నీలం రంగులో, టకటకా, చెవికి వినపడేలా స్పార్క్. వెనక లీడింగ్ కాయిల్‌కి మాత్రం నారింజ రంగు సన్నటి పోగు, రెండు కొట్టి ఒకటి మానేస్తోంది. చల్లగా ఉన్నప్పుడు అదే కాయిల్ నీలంగానే కొట్టింది. ఈ కాయిల్స్ ఇంజన్ పక్కనే, దాని వేడిలోనే మగ్గుతుంటాయి కాబట్టి ఈ బండ్లలో 50 వేల కిలోమీటర్లకే నీరసించడం మామూలు. అయినా నమ్మకం చాలక దాన్ని తీసి ముందు రోటర్ లీడింగ్‌కి, ముందుది వెనక్కి మార్చి నడిపించారు. కోడ్ పి0302 పోయి పి0301 వచ్చింది. అంటే జబ్బు కాయిల్‌తోపాటు నడిచింది, రోటర్‌లో లేదు. రీబిల్డ్ కథ అక్కడితో సరి.

పాత కాయిల్ కనెక్టర్ పిన్నుల మీద పచ్చటి చిలుము కూడా ఉంది, సముద్రపు గాలి పుణ్యం. శుభ్రం చేశారు. ఇంటేక్ దగ్గర ఎయిర్ ఫ్లో సెన్సర్‌కి దాని క్లీనర్ కొట్టారు, వ్యాక్యూమ్ గొట్టాలు వేలితో వంచి పగుళ్లు చూశారు, ఒకటి మార్చారు. కన్వర్టర్‌ని రబ్బరు సుత్తితో తట్టి విన్నారు, లోపల గలగల లేదు. ఒక్క కాయిలే మార్చుకోండి చాలు అన్నది ఆయన. నాలుగూ ఒకే వయసువి కదా అని నాలుగూ మార్పించింది నేను, దుబాయ్ నుంచి వస్తున్న బంధువుతో తెప్పించుకుని. నెట్‌లో నాలుగు కలిపి కారుచౌకగా అమ్మే సెట్లు కొనకండి, అవి ఎన్నాళ్లుంటాయో దేవుడికే తెలియాలి.

బ్యాటరీ తీసి పెట్టాక ఈ బండికి ఒక తంతు ఉంది. తాళం ఆన్ చేసి 8 సెకన్లలో బ్రేకు 20 సార్లు నొక్కితే ఆయిల్ ప్రెషర్ ముల్లు ఒకసారి లేచి పడుతుంది, ఇంజన్ షాఫ్ట్ తిరుగుడు చూసే సెన్సర్ పాత లెక్క చెరిపేసుకుని కొత్తది నేర్చుకుంటుందన్నమాట. షెడ్డులో ఉన్న ఒడియా కుర్రాడు ఇది చేస్తుంటే పక్క లారీల వాళ్లంతా వచ్చి నిలబడ్డారు.

ఇప్పుడు ఐదో స్టారు ఎందుకు కోశానో. షెడ్డులో జాగా తక్కువ కాబట్టి ప్రతి బండినీ పొద్దున్నే స్టార్ట్ చేసి పది అడుగులు జరిపి ఆపేస్తారు. రోటరీకి ఇది విషం, చల్లటి ఇంజన్‌ని వెంటనే ఆపితే లోపల పెట్రోల్ మిగిలి ఫ్లడ్ అయిపోతుంది, మళ్లీ అంటుకోదు. నాది అయింది. ముందే చెప్పాను, తోసి జరపండని, కుర్రాళ్లు వినలేదు. కాకపోతే పెద్దాయనే వచ్చి యాక్సిలరేటర్ అడుక్కంటా నొక్కి సెల్ఫ్ కొట్టి లేపారు. కార్బొరేటర్ రోజుల చిట్కా అది. ఇందులో కూడా పనిచేస్తుంది, పెడల్ పూర్తిగా నొక్కి సెల్ఫ్ కొడితే కంప్యూటర్ పెట్రోల్ ఆపేస్తుంది కాబట్టి.

రెండోది కంప్రెషన్. పిస్టన్ ఇంజన్ గేజి పెట్టి, ఆ గేజిలోని వాల్వు తీసేసి, ముల్లు మూడు సమానమైన దెబ్బలు కొడుతోంది చూడండి, బాగుంది అన్నారు. దెబ్బలు సమానంగా ఉండటం మంచి సూచనే గానీ కొలత కాదు. రోటర్‌కి మూడు ముఖాలు, మూడింటికీ విడివిడిగా అంకె రావాలి, అదీ 250 ఆర్‌పీఎం లెక్కకి. కొత్త ఇంజన్‌కి 830 కిలోపాస్కల్స్, 680 కంటే తగ్గితే కంపెనీ లెక్కలో అయిపోయినట్టే. మామూలు గేజి మూడింట్లో ఎక్కువదాన్ని పట్టుకుని కూర్చుంటుంది.

బిల్లు ఇవ్వరు, చీటీ మీద రాస్తారు. కూలీ మొత్తం 3,500 తీసుకున్నారు, నా దృష్టిలో తక్కువే. ఫోన్ ఎత్తరు. జూన్‌లో రజ పండగకి షెడ్డు మూసేస్తారు, ఠాకురాణి జాతర ఉన్న ఏడాదైతే ఆ జాతర జరిగే నెల ఊళ్లోకి కారు తీసుకెళ్లే ఆలోచనే పెట్టుకోవద్దు.

బండి ఇప్పుడు ఎంత వేడిలోనైనా 800 దగ్గర నిలబడుతోంది, ఏసీ వేసినా. పెట్రోల్ వాసన పోయింది. ఆయిల్ మాత్రం తాగుతుంది, అది రోగం కాదు, సీల్స్‌కి తడి కోసం ఇంజనే కొంచెం కొంచెం లోపలికి పంపి కాలుస్తుంది, పెట్రోల్ కొట్టించినప్పుడల్లా డిప్‌స్టిక్ చూసుకోవాలి. రోటరీ కంప్రెషన్ టెస్టర్ విశాఖలోగానీ భువనేశ్వర్‌లోగానీ ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, బండి నడుపుకుంటూ వస్తాను.