బేరెంట్స్ సముద్రపు కాడ్ ఫిల్లెట్లు: ఆ ధరకు తగిన సరుకేనా?

వేపుడుకైతే కొనండి, పులుసుకైతే వద్దు. నార్వే, రష్యాలకు ఉత్తరాన ఉన్న బేరెంట్స్ సముద్రంలో పట్టి, ఆ ఓడలోనే కోసి, ఒక్కసారే గడ్డకట్టించిన కాడ్ చేప ఫిల్లెట్ల (ముల్లు తీసిన ముక్కల) సంగతి ఇది. బ్రిటన్‌లో ఫిష్ అండ్ చిప్స్ దుకాణాలు కొనేది ఎక్కువగా ఇలాంటి సరుకే. 6.81 కిలోల గడ్డకట్టిన పలకలు మూడేసి ఒక పెట్టెలో వస్తాయి.

ధర చూసి దుకాణదారుణ్ణి తిట్టుకోనక్కర్లేదు. అక్కడ ఈ చేప ఎంత పట్టొచ్చో నార్వే, రష్యా కలిసి ఏటా తేల్చే కోటా 2021లో 8,85,600 టన్నులు. 2025కి 3,40,000, 2026కి 2,85,000. వరసగా కొన్నేళ్లు చేపపిల్లలు సరిగా దక్కలేదు. ఈ చేప ఈడుకు రావడానికి ఏడెనిమిదేళ్లు పడుతుంది. ఆ తర్వాతే జనవరి, ఏప్రిల్ నెలల మధ్య గుడ్లు పెట్టడానికి నార్వేలోని లోఫోటెన్ దీవుల తీరానికి చేరుతుంది. పిల్లల లోటు వలలో తెలిసేది ఆలస్యంగానే, తీరేదీ ఆలస్యంగానే. ధర త్వరలో దిగుతుందని ఆగడం దండగ.

మార్కు పేరు కన్నా లేబుల్ మీది చిన్న అక్షరాలు ముఖ్యం. గాడస్ మోర్హువా అని ఉండాలి, అది అట్లాంటిక్ కాడ్ శాస్త్రీయ నామం. మాక్రోసెఫాలస్ అంటే పసిఫిక్ కాడ్, దానిలో నీరెక్కువ. పట్టిన చోటు '27' (ఈశాన్య అట్లాంటిక్ మండలం సంఖ్య) అని మాత్రమే ఉంటే చాలదు, ఐస్‌లాండ్ చేపా అందులోకే వస్తుంది. అందులో ఉపమండలం 1 అంటేనే బేరెంట్స్. కొన్ని కంపెనీలు తల తీసి గడ్డకట్టించిన చేపను చైనాకు పంపి, అక్కడ కరిగించి, కోసి, మళ్లీ గడ్డకట్టిస్తాయి. అలాంటి ముక్క పెనం మీద నీళ్లు వదిలి వేగదు, ఉడుకుతుంది. ఇ451 (నీటిని పట్టి ఉంచే ఫాస్ఫేట్) కలిపితే ఆ నీరు ముక్కలోనే దాక్కుంటుంది, మనం నీటికి డబ్బు కడతాం. పైన మంచుపూత 20 శాతం ఉంటే కిలో సంచిలో చేప 800 గ్రాములే. నికర బరువుతో ధర లెక్కేసుకోండి.

రాత్రంతా ఫ్రిజ్‌లో, జల్లెడ మీద పెట్టి కరగనివ్వాలి. అర కిలోకు చెంచా ఉప్పు రాసి పావుగంట ఉంచి, కడిగి, బట్టతో గట్టిగా అద్దాలి. ఈ పని ఎగ్గొడితే మసాలా పెనానికి అంటుకుని, ముక్క బోడిగా మిగులుతుంది. కారం, అల్లం వెల్లుల్లి, రెండు చెంచాల బియ్యప్పిండి పట్టించి, తోలు వైపు నాలుగు నిమిషాలు, తిప్పి రెండు నిమిషాలు చాలు. నిమ్మరసం దింపాకే. ముందే పిండితే పైపొర మెత్తబడి చితుకుతుంది.

మాంసంలో చుట్టుకున్న సన్నని పురుగు ఎప్పుడైనా కనపడొచ్చు. మైనస్ 20 డిగ్రీల్లో 24 గంటలుంటే అది చస్తుంది, పట్టకారుతో లాగేయండి. చూడ్డానికి బాగోదు, అంతే.

పులుసులో మాత్రం కాడ్ రేకులు రేకులుగా విడిపోతుంది. వంజరంలా నిలబడదు. పులుసుకు బ్రిటన్‌లో కోలీ అని అమ్మే చేప నయం. పచ్చిగా బూడిద రంగులో ఉన్నా ఉడికాక తెల్లబడుతుంది, ధరా తక్కువే. చింతపండు పులుసు బాగా మరిగాక చివర్లో ముక్కలు వేసి ఆరు నిమిషాలు ఉంచండి. గరిట పెట్టకుండా గిన్నెనే తిప్పండి.